రాతిలారీల బాటలో క్రొత్త బండి

తాండూరు కందిపప్పు వండని యిల్లు మన తెలుగునాట అరుదు. ఎండకాలమున పాదములకు చల్లగా తగులు నాపరాయియు పెక్కు యిండ్లలో ఆ ప్రాంతమునుండి వచ్చినదే. ఆ పప్పునకు 2022వ సంవత్సరమున భౌగోళిక సూచిక గుర్తింపు కూడ లభించినది. ఈ పప్పు, ఈ రాయి, ఈ సిమెంటు మన గడపలకు చేరుటకు ఏ బాటలవెంట వచ్చుచున్నవో మన మెన్నడును తలపోయము. ఆ బాటల ప్రక్కనే కాపురముండు స్త్రీలు దినదినము ఎట్లు రాకపోకలు సాగించుచున్నారో అంతకంటెను తలపోయము.

వికారాబాదు జిల్లా తాండూరు మండలమున కరణ్‌కోట యను గ్రామము కలదు. కర్ణాటకపు పొలిమేర అచ్చటికి దూరము గాదు. కేంద్రప్రభుత్వమువారి సిమెంటు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ యొక్క కర్మాగారము ఆ గ్రామముననే యున్నది. చుట్టుప్రక్కల తాండూరు, యాలాల, బషీరాబాదు మండలములలో నాపరాతి గనులు, ఆ రాళ్లను కోసి నునుపుచేయు మిల్లులు ఉన్నవి. మహబూబునగరమునుండి కొడంగల్లు, తాండూరుల మీదుగా చించోళి పోవు బాటను 167ఎన్ అను సంఖ్యతో జాతీయ రహదారిగా చేసినారు. కావున ఈ సీమలో ఏ బాట పట్టినను సిమెంటు లారీలు, కంకర టిప్పర్లు, రాతిపలకలు పేర్చిన ట్రాక్టరులు వరుసగా ఎదురగుచునే యుండును. ఆ వరుసల నడుమ ఒక స్కూటరుపై, తలకు గుడ్డ చుట్టుకొని, ముందు బియ్యపుసంచి, వెనుక పిల్లవాడు కూర్చుండగా పోవుచుండు ఇల్లాలిని చూచినపుడు మా కొక విచారము కలిగినది. ఈమెకు బండి నడుపుట ఎవరు నేర్పిరి? ఆ నేర్పినవారు లారీని గూర్చి యేమైన చెప్పిరా?

స్త్రీలు వాహనములు నడుపుట తగునా యను చర్చతో మేము పత్రికను నింపదలచుకొనలేదు. అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, పొదుపు సంఘముల లెక్కలు వ్రాయువారు, పిల్లలను పాఠశాలకు దింపు తల్లులు, వీరందరును ఊరినుండి ఊరికి పోవలసినవారే. 2023 డిసెంబరు 9వ తేదీనుండి తెలంగాణమున ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేని ప్రయాణము కల్పింపబడినది. అది గొప్ప మేలే. కాని బిడ్డకు అర్ధరాత్రి జ్వరము వచ్చినపుడు ఏ బస్సును వాకిట నిలువదు. భర్త దూరమున కొలువుచేయు ఇంటిలో, అత్తగారికి మందులు తెచ్చు భారము కోడలిదే. ఇక నేర్చుకొనవలెనా వద్దా యను ప్రశ్న యెక్కడిది?

మోటారుబండిపై మొట్టమొదట దూరప్రయాణము చేసినది కూడ ఒక యిల్లాలే యని మన సోదరీమణులలో ఎందరికి తెలియును? 1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీదేశపు బెర్తా బెంజ్, తన యిద్దరు కుమారులను వెంటగొని, భర్త నిర్మించిన మూడుచక్రముల బండిని మాన్‌హైము నగరమునుండి తన పుట్టినిల్లగు ఫోర్ట్స్‌హైమునకు నడుపుకొని పోయెను. దూరము 100 కిలోమీటర్లకు పైబడినది. భర్తకు ముందుగా చెప్పకయే బయలుదేరినది. ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని తీసినది. దారిలో ఇంధనము చాలకున్న ఒక మందుల అంగడిలో కొన్నది. పల్లములందు కొయ్యబ్రేకులు అరిగిపోగా, ఒక చెప్పులు కుట్టువానిచే వానికి తోలు తొడిగించినది. బ్రేకులకు తొడుగు వేయుట అప్పటినుండియే ఆరంభమైనదని చెప్పుదురు. ఆమె సాహసమును అందరును మెచ్చుకొందురు. మాకు మాత్రము ఆమె బ్రేకును గూర్చి పడిన శ్రద్ధయే యెక్కువ మెచ్చదగినదిగా తోచుచున్నది. బండిని పరుగెత్తించుట ఎవరికైనను వచ్చును.

మనవారిని చూడబోయిన, యాదాద్రి భువనగిరి జిల్లాకు చెందిన వి. సరిత 2015వ సంవత్సరమున ఢిల్లీ రవాణాసంస్థలో బస్సు డ్రైవరుగా చేరిన మొదటి మహిళ. 2025వ సంవత్సరమున ఆమె తెలంగాణ ఆర్టీసీలో తొలి మహిళా డ్రైవరుగా స్వరాష్ట్రమునకు వచ్చినది. అంత పెద్ద బండిని స్త్రీ నడుపగలిగినపుడు స్కూటరు నడుపుటకు బలము చాలదను మాట యెట్లు నిలుచును?

అయినను భయమునకు కారణము లేకపోలేదు. 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున తాండూరునుండి హైదరాబాదు పోవుచున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ల మండలమున మీర్జాగూడ సమీపమున కంకర నింపిన టిప్పరొకటి ఢీకొన్నది. కంకర బస్సులోనికి కుమ్మరించుకొనిపోయి, ఇంచుమించు ఇరువదిమంది ప్రాణములు పోయినవి. చదువులకై నగరమునకు మరలి పోవుచున్న ఆడపిల్లలును వారిలో నుండిరి. అంత బస్సే నిలువలేకపోయిన యెడల స్కూటరెంత యని తాండూరు ప్రాంతపు తల్లులు బెదరుట సహజమే. దేశమంతట 2022వ సంవత్సరమున రోడ్డు ప్రమాదములందు 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణాశాఖవారు ప్రకటించిరి. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనములవారే. ఈ అంకెలు చూచి బండి మానుకొనుమని మే మనము. పెద్దబండి యొక్క స్వభావమును ఎరిగిన పిదపనే రోడ్డెక్కుమని మాత్రము మా కోరిక.

మొదట చట్టపు మాట చెప్పి ముగింతుము. పదునెనిమిది సంవత్సరములు నిండినవారు లెర్నరు లైసెన్సు తీసికొనవచ్చును. అది ఆరు నెలలు చెల్లును. తీసికొన్న 30 దినములు గడచిన తరువాతనే అసలు లైసెన్సు పరీక్షకు నిలువవలెను. ఈ 30 దినములను చాలమంది వృథాగా పోనిచ్చి, పరీక్షకు ముందుదినమున మాత్రము మైదానమునకు పరుగెత్తుదురు. నేర్చుకొనుచున్నంతకాలము బండికి ముందు వెనుకల తెల్లని పలకపై ఎఱ్ఱని ఆంగ్లాక్షరము ‘ఎల్’ ఉండవలెను. పలక నలువైపుల 18 సెంటీమీటర్లకు, అక్షరము ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గరాదని నియమము. ఆ పలక తగిలించుకొనుటకు సిగ్గుపడువారు కలరు. వెనుక వచ్చు లారీవానికి, “ఈ బండి అకస్మాత్తుగా ఆగవచ్చును, దూరముగా నుండుము” అని చెప్పగలిగినది ఆ పలక యొక్కటియే. సిగ్గెందుకు? కారు నేర్చుకొనునపుడు లైసెన్సు గలవారు ప్రక్కనుండి తీరవలెను. స్కూటరు నేర్చుకొనునపుడు నేర్పువారిని తప్ప మరెవ్వరిని వెనుక కూర్చుండబెట్టుకొనరాదు. చంటిపిల్లను ఎక్కించుకొని నేర్చుకొనుట చట్టవిరుద్ధము కూడ.

పదునారేండ్లకే లైసెన్సు ఇత్తురని చెప్పుకొని ఆడపిల్లల చేతికి బండి యిచ్చు తల్లిదండ్రులు కలరు. ఆ సడలింపు గేర్లు లేని, 50 సీసీకి మించని చిన్నబండ్లకు మాత్రమే. మన యిండ్లలోని స్కూటరులు నూరు సీసీలకు పైబడినవే. బాలురుగాని బాలికలుగాని నేరము చేసినచో సంరక్షకులకు 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల వరకు చెర విధింపవచ్చునని 2019లో సవరించిన చట్టము చెప్పుచున్నది.

పరీక్షలో ఎనిమిది అంకె ఆకారముగా గీచిన బాటలో కాలు క్రింద మోపక తిరిగిన యెడల లైసెన్సు చేతికి వచ్చును. అది చేతికి, నడుమునకు సంబంధించిన పరీక్ష. ఆ బాటలో లారీ యుండదు. కరణ్‌కోటనుండి తాండూరు పోవు స్త్రీకి కావలసినది లారీని చదువుట.

లారీ డ్రైవరు ఎత్తున కూర్చుండును. ఎత్తున నున్నవానికి అంతయు కనబడునని మన భ్రమ. నిజమునకు అతని ముందు బంపరునకు ఆనుకొనియున్న స్థలము, ఎడమ తలుపు ప్రక్క స్థలము, బండి వెనుకభాగమునకు సమీపమున నున్న స్థలము అతనికి కనబడవు. మీకు లారీ యెంతో పెద్దదిగా కనబడుచున్నది గనుక మీరును అతనికి కనబడుచున్నారని అనుకొందురు. ఒక్క సులువైన ఆనవాలు కలదు: లారీ ప్రక్క అద్దమున డ్రైవరు ముఖము మీకు కనబడని యెడల, మీరు అతనికి కనబడుట లేదు. అట్టిచోట ఒక్క క్షణమైనను నిలువరాదు, వెనుకకు తగ్గవలెను. అద్దమున ముఖము కనబడినను అతడు మిమ్ము చూచుచున్నాడని నమ్మరాదు. చూడగలడని మాత్రమే దాని యర్థము.

అన్నిటికంటె ప్రమాదకరమైనది లారీ ఎడమకు తిరుగు చోటు. పొడవైన బండి తిరుగునపుడు ముందుచక్రములు పోయిన జాడలో వెనుకచక్రములు పోవు. అవి లోపలికి కోసికొని వచ్చును. అందుచేత డ్రైవరు తిరుగుటకు ముందు బండిని కొంచెము కుడికి తీసికొనును. ఎడమన చోటు ఖాళీయైనదని మురిసి క్రొత్తగా నేర్చినవారు అందులో దూరుదురు. తరువాత ఆ చోటు క్రమముగా మూసికొనిపోవును. సిమెంటు కర్మాగారపు వాకిళ్లవద్ద, గనుల దారులు రోడ్డున కలియు చోట్ల, తూనికల కాటాలవద్ద లారీలు సదా తిరుగుచునే యుండును. ఆ చోట్ల లారీకి ఎడమ ప్రక్కనుండి ముందునకు పోవుట యను తలంపే మానుకొనవలెను. అది తిరిగి పోవువరకు వెనుక ఆగిన, పోవునది అర నిమిషము.

ఇక దూరమును గూర్చి. గంటకు 30 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనులో 8 మీటర్లకు పైగా పోవును. 60 కిలోమీటర్ల వేగమున ఇంచుమించు 17 మీటర్లు. కన్ను చూచి, మనస్సు గ్రహించి, చేయి బ్రేకు నొక్కుటకు ఒక సెకనైన పట్టును. క్రొత్తవారికి అంతకంటె నెక్కువ. బ్రేకు నొక్కిన పిదప, ఆరిన తారురోడ్డుపై, మంచి బ్రేకులు గల బండి 30 వద్దనైన 5 మీటర్లలో, 60 వద్దనైన 20 మీటర్లలో నిలుచును. అనగా వేగము రెండింతలైన బ్రేకుదూరము నాలుగింతలగును. మొత్తముమీద 30 వేగమున 13 మీటర్లు, 60 వేగమున 37 మీటర్లు. బరువుతో నిండిన టిప్పరునకు ఇంకను ఎక్కువ కావలెను. మీ వెనుక వచ్చు టిప్పరు మీకంటె ముందుగా ఆగజాలదను మాట మనస్సున నుంచుకొనినచో, దాని ముందు హఠాత్తుగా బ్రేకు వేయుటకు మీ చేయి రాదు.

ముందుపోవు బండికి ఎంత యెడము విడువవలెనో మీటర్లలో కొలుచుట రోడ్డుపై సాధ్యము గాదు. దానికి మన యింటి లెక్కయే చాలును. ముందు లారీ ఒక వేపచెట్టునో కిలోమీటరు రాయినో దాటిన క్షణమున “ఒకటి... రెండు...” అని నిదానముగా లెక్కించుడు. రెండు ముగియకముందే మీరు ఆ చెట్టును చేరితిరా, యెడము చాలదు. వానలో, దుమ్ములో, రాత్రివేళ నాలుగు వరకు లెక్కింపవలెను. పాలు పొంగుటకు ముందే మంట తగ్గించు చేతికి ఈ లెక్క కష్టము గాదు.

లారీని దాటిపోవుటయందే క్రొత్తవారు మోసపోవుదురు. లారీ 40 వేగమున పోవుచున్నదనుకొందము. మీరు 50 వేగమున దానిని దాటబోయితిరి. మీకు మిగులు తేడా గంటకు 10 కిలోమీటర్లు మాత్రమే, అనగా సెకనుకు మూడు మీటర్లు కూడ లేదు. లారీ పొడవు, దాని వెనుక ముందుల విడువవలసిన చోటు కలిసి 30 మీటర్లైన యెడల, దాటుటకు ఇంచుమించు 11 సెకనులు పట్టును. అంతలో మీరు 150 మీటర్లు పోవుదురు. ఎదుటినుండి 60 వేగమున వచ్చు బండి 180 మీటర్లు వచ్చును. అనగా 330 మీటర్ల మేర ఖాళీరోడ్డు కనబడనిదే దాటరాదు. మలుపున, మెట్టపై, దుమ్ములో అంత బాట యెన్నడును కనబడదు. మొదటి మూడు నెలలలో కదలుచున్న లారీని దాటకుండుట మేలని మా యభిప్రాయము. వెనుకనే పోయినచో తాండూరు చేరుటకు అయిదు నిమిషములు ఆలస్యమగును. కూర అంతలో మాడిపోదు.

వెనుకనుండి హారను మ్రోగించువారి సంగతి వేరుగా చెప్పవలసియున్నది. మన స్త్రీలకు చిన్నతనమునుండి అడ్డు తొలగుట నేర్పియున్నారు. హారను వినబడినంతనే కంగారుపడి, చూడకయే ఎడమకు జరిగి, రోడ్డు అంచున గల కంకరలోనికి దిగుదురు. తారు అంచునకు, మట్టికి నడుమ జానెడు ఎత్తు తేడా యున్నచోట బండి దిగినచో మరల ఎక్కించుట క్రొత్తవారి తరము గాదు. అక్కడనే బండి పడును, వెనుక లారీ యుండును. హారను ఆజ్ఞ గాదు. అద్దమున చూచి, వేగము తగ్గించి, చోటు బాగుగానున్న తావున దారి యిచ్చుట మీ యిష్టము. అంతవరకు మీ బాటలో మీరు తిన్నగా పోవచ్చును.

నేల స్వభావము కూడ ఈ సీమలో వేరు. రాళ్లు కోయు మిల్లులలో నీటితో కలిసిన రాతిపొడి బురదవలె వెలువడును. అది ట్రాక్టరులనుండి, చక్రములనుండి రోడ్డుపై జారిపడి, ఎండిన దుమ్మగును, తడిసిన సబ్బువలె జారును. మొదటి వాన పడిన అరగంట అన్నింటికంటె చెడ్డది. అప్పుడు హాండిలు వంచియుండగా ముందుబ్రేకు నొక్కినచో ముందుచక్రము జారి మనిషి ప్రక్కకు పడును. బండి తిన్నగా నున్నపుడే వేగము తగ్గించుకొని, రెండు బ్రేకులను కలిపి మెల్లగా నొక్కుట అభ్యాసము చేయవలెను. 2019 ఏప్రిలునుండి 125 సీసీ వరకు గల బండ్లకు రెండు బ్రేకులు కలిసి పనిచేయు ఏర్పాటు తప్పనిసరి చేసిరి. ఇంటిలోని పాతబండికి అది యుండకపోవచ్చును, అడిగి తెలిసికొనుడు. కందిపంట కోతలకు వచ్చు డిసెంబరు, జనవరి మాసములలో రైతులు పంటను రోడ్డుపై ఆరబోయుదురు. పగలు అది కనబడును. చీకటిలో ధాన్యపురాశిపై కప్పిన నల్లని పరదా, దాని చుట్టు పెట్టిన రాళ్లు బండి మీదికి వచ్చువరకు కనబడవు. దీపము లేని ట్రాక్టరు ట్రాలీలు, చెడిపోయి నిలిచిన లారీలు కూడ అట్టివే. ఎదుటిబండి వెలుతురు కన్నులలో పడినపుడు దానివంక చూడక, రోడ్డు ఎడమ అంచును చూచుచు వేగము తగ్గించుకొనవలెను. మొదటి మాసములో రాత్రి ప్రయాణమే వలదు.

ఇప్పుడు వస్త్రధారణ. ఇది మగవారు నేర్పని పాఠము, వారికి తెలియదు. ఇసడోరా డంకన్ అను ప్రసిద్ధ నర్తకి 1927 సెప్టెంబరు 14వ తేదీన ఫ్రాన్సుదేశపు నీస్ నగరమున కారులో పోవుచుండగా, మెడకు చుట్టుకొన్న పొడుగాటి పట్టువస్త్రము చక్రమున చిక్కుకొని క్షణములో మరణించెను. మన చున్నీలు, పవిటకొంగులు అంతకంటె పొడవైనవి. ద్విచక్రవాహనముల వెనుకచక్రము సగమునకు తక్కువ గాకుండ కప్పు రక్షణయుండవలెనని, వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకొనకుండుటకే, మోటారు వాహనముల నియమములు విధించినవి. దుకాణమున బండి కొనునపుడు అందము చెడునని దానిని తీయించి వేయువారున్నారు. అది ఎంతమాత్రము తీయింపరాదు. కొంగును నడుమునకు బిగించి దోపి, చున్నీని వెనుకకు ముడివేసి రెండు కొసలును చొక్కాలోనికి పోనిచ్చి, ఆపైన బండి యెక్కవలెను. కుచ్చిళ్లు చక్రమువైపు జారకుండ ఒక పిన్ను చాలును.

హెల్మెట్టు విషయమున మన యిండ్లలో ఒక వింత ఆచారము కలదు. నడుపు భర్త తలకు హెల్మెట్టు, వెనుక కూర్చున్న భార్య తలలో పూలు. పోలీసువారికి భయపడి పెట్టుకొనుటచేత ఇట్లు జరుగుచున్నది. రాతికి తల తగిలినపుడు ముందు వెనుకల భేదము లేదు. 2022వ సంవత్సరమున హెల్మెట్టు లేక మరణించినవారిలో వెనుక కూర్చున్నవారే 14,337 మంది. కొప్పు పెట్టుకొన్న తలపై హెల్మెట్టు దిగదని చెప్పుదురు, అది నిజమే. జడను మెడక్రిందికి వదులుగా అల్లుకొనిన హాయిగా దిగును. గడ్డముక్రింది పట్టీ బిగింపని హెల్మెట్టు పడగానే తలను విడిచి దొరలిపోవును. ఐఎస్ఐ గుర్తు చూచి, భార్యాభర్త లిరువురికి వేర్వేరు కొలతలలో కొనవలెను. ఇంటికి ఒక్కటి చాలదు.

పిల్లల విషయమున 2023 ఫిబ్రవరి 15వ తేదీనుండి అమలులోనికి వచ్చిన నియమము చాలమంది తల్లులకు తెలియదు. నాలుగేండ్ల లోపు బిడ్డను ఎక్కించుకొనినపుడు బిడ్డను నడుపువారికి కలిపి కట్టు పట్టీ ఉండవలెను. తొమ్మిది నెలలు దాటిన బిడ్డకు తగిన హెల్మెట్టుండవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు. స్కూటరు ముందుభాగమున పిల్లవానిని నిలువబెట్టుట ముచ్చటగా కనబడును గాని, వాని చేయి యాక్సిలేటరుపై పడిననాడు ఎవరేమి చేయగలరు? ఆ చోట గ్యాసుబండ, నీళ్లడబ్బా పెట్టినను పాదములు లోపల ఇమడక, ఆపవలసినప్పుడు కాలు నేల కందదు.

నేర్పువారిని గూర్చి రెండు మాటలు. భర్తవద్ద నేర్చుకొను భార్యలలో సగముమంది వారము తిరుగకమునుపే మానివేయుచున్నట్లు మా కనుభవమున తోచుచున్నది. “గట్ల కాదే, చెప్పితే సమజ్ అయితలేదా!” అని ఆయన నడిరోడ్డున గద్దించును. “జర మెల్లగ చెప్పుండ్రి, చేతులు వణుకుతున్నయి” అని ఆమె. ఆ వణుకుచున్న చేతులతో లారీల నడుమ బండి సరిగా నడచునా? ప్రక్కనుండి గద్దించునపుడు నేర్చుకొనువారి కన్ను రోడ్డుపై నుండదు, గద్దించువారి ముఖముపై నుండును. అన్నయో, తమ్ముడో, ఇరుగుపొరుగున నేర్చిన ఆడుబిడ్డయో మేలు. డబ్బు చెల్లించి నేర్చుకొన్నచో ఇంకను మేలు. మీరు అడిగినన్నిమార్లు చెప్పుట వారి వృత్తి. మగవారు కోపింపకుందురుగాక, వంటయింటిలో వారికి దోసె తిరుగవేయుట మనము ఇంత గద్దింపు లేకయే నేర్పియున్నాము.

మొదటి వారము పాఠశాల మైదానమున చాలును: బయలుదేరుట, ఆగుట, మరల ఆగుట. ఆగుటనే ఎక్కువమారులు చేయవలెను. మైదానమున ఒక చెప్పును గురిగా పెట్టి, 20 వేగమున వచ్చి దానికి ముందు ఆగగలిగినదాక. రెండవ వారము ఊరి లోపలి వీధులు, కోళ్లు, కుక్కలు, బంతివెంట పరుగెత్తు పిల్లలు. మూడవ వారము ఆదివారము తెల్లవారుజామున, వెలుతురు బాగుగా వచ్చిన పిదప, నేర్పువారిని వెనుక కూర్చుండబెట్టుకొని పెద్దరోడ్డుపై రెండు కిలోమీటర్లు. తెలిసిన యొక లారీ డ్రైవరు ఊరిలో నుండకపోడు. ఆగియున్న అతని లారీలోనికి ఒకసారి ఎక్కి అతని స్థానమున కూర్చుండుడు. మీ తమ్ముని స్కూటరుతో ముందు, ఎడమ ప్రక్కన, వెనుక నిలువుమనుడు. తమ్ముడు ఎచ్చట కనబడకపోయెనో ఆ చోట్లన్నియు మీకు జీవితాంతము గుర్తుండును.

ఒక్క మాట మిగిలినది. దారిలో ఎవరైన పడిపోయినపుడు చూచి, ఎందుకు వచ్చిన గొడవయని ముందునకు సాగిపోవుట మనవారికి పోలీసు భయముచేత అలవాటైనది. సాయము చేసినవారిపై ఆ గాయముల విషయమై దావా తేరాదని, ఇష్టము లేనిదే వారి పేరు చెప్పనక్కరలేదని 2019లో చేర్చిన 134ఏ విభాగము, దాని నియమములు రక్షణ కల్పించినవి. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టునుండి మన సీమలో నడచుచున్నది. ఫోను చేసినపుడు ఊరి పేరుతోపాటు దగ్గరి కిలోమీటరు రాతిపైనున్న సంఖ్యను, బండి ఏ దిక్కుగా పోవుచుండినదో చెప్పినచో వారు త్వరగా చేరుదురు. అంబులెన్సు వచ్చువరకు హెల్మెట్టును బలవంతముగా లాగివేయక, మెడ కదలకుండ పట్టి, రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమియుంచవలెను. ఆ గుడ్డకు మీ చున్నీ పనికివచ్చును.